ఎండ తగలని ముఖం

"పదిహేను రోజులు ఎండలోకి వెళ్లకమ్మా" అన్నాడు ఫోన్లో. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అన్న మనిషి మీద ఎంత మండుతుందో, "సరే సార్" అన్న నా మీద అంతకు రెట్టింపు మండుతుంది.

ఆయన హైదరాబాదులో సినిమాలకు కొత్త ముఖాలను వెతికిపెట్టే మనిషి. తొర్రూరులో మాకు బట్టల దుకాణం. నాన్నను మేం బాపు అంటాం. బాపు చీరలు తెచ్చే హోల్‌సేల్ షావుకారుకు ఈయన దోస్తు. ఒక సినిమాలో హీరోయిన్ చెల్లెలి వేషానికి పల్లెటూరి అమ్మాయి కావాలని ఆయన అంటే, షావుకారు నా సంగతి చెప్పాడట. స్కూలు వార్షికోత్సవం మొదలుకుని కాలేజీ దాకా ఊళ్లో ఏ నాటకమైనా నేను లేకుండా జరగలేదు. ఇరవై రెండేళ్లు వచ్చి, ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరినా ఆ పిచ్చి నన్ను వదల్లేదు. సినిమాల్లో వేయాలన్న సంగతి అమ్మకు కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నాను. అలాంటిది అటువైపు నుంచే ఫోన్ వచ్చింది.

ఐదు ఫోటోలు కావాలన్నాడు. మెడ దాకా ముఖం మాత్రమే. ఎదురుగా ఒకటి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, నవ్వుతూ ఒకటి, నవ్వకుండా ఒకటి. జుట్టు వెనక్కి దువ్వి కట్టాలి. నగలు వద్దు, పూలు వద్దు. వేసుకునే బట్టల మీద పువ్వులూ గీతలూ ఉండకూడదు. పాస్‌పోర్టు ఫోటోలు తీసే కొట్లో కాదు, సరైన లైట్లున్న స్టూడియోలో తీయించాలి. అన్నీ పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను. చివర్లో ఆయన, "ఆ యాస కూడా కాస్త తగ్గించుకో" అన్నాడు.

"ఫోటోల యాస కనపడదు గద సార్?" అన్నాను, నవ్వుతూనే.

"కనపడుతుందమ్మా. నోరు పెట్టుకునే తీరులోనే తెలిసిపోతుంది."

ఫోన్ పెట్టేసి అద్దం దగ్గరికి పోయాను. నా నోరు ఎలా ఉందో చూసుకున్నాను. మూసి చూశాను, తెరిచి చూశాను. ఇరవై రెండేళ్లు అన్నం తిన్న నోరు, పిల్లలకు పాఠాలు చెప్పిన నోరు, ఆ పూట నాకే ఎబ్బెట్టుగా కనిపించింది. ఒక మనిషి ఎక్కడో కూర్చుని, నన్ను చూడకుండానే, నా నోటిని నాకు కాకుండా చేశాడు. ఆయన మాట వింటే సినిమాల్లో పెద్దింటివాళ్ల మాటలా ఉండేది. ఎక్కడివాడో అనుకున్నాను. చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆయన సొంతూరు మా జిల్లాలోనే, మానుకోట పక్కనేనట. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

అవి తెలంగాణ కోసం సకల జనులూ సమ్మె చేస్తున్న రోజులు. బస్సులు డిపోల్లో ఉన్నాయి, స్కూళ్లు మూతబడ్డాయి, ఆఫీసులకు తాళాలు. భూపాలపల్లి బొగ్గు బాయిలో పనిచేసే మా మేనమామ కూడా పని బంద్ పెట్టాడు. బొగ్గు లేక కరెంటు పోయినప్పుడల్లా అమ్మ విసనకర్ర తీసుకుని, "మా తమ్ముడు బంద్ పెట్టిండు" అని వాడకట్టంతా వినేలా చెప్పుకునేది. ఊరి చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. రోజుకొక సంఘంవాళ్లు దండలు వేసుకుని కూర్చునేవారు. మా స్కూలు టీచర్లం రోజూ పదకొండింటికి అక్కడ ఒక చిన్న నాటకం వేసేవాళ్లం. ఎండిపోయిన చేనుకు నీళ్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలమ్మ వేషం నాది. నడుం వంచి, కొంగు నెత్తిన వేసుకుని, "నీ కుర్చీ కింద తేమున్నది గానీ నా చెల్కల లేదు సారూ" అంటే జనం ఈలలు వేసేవారు. ముందు నవ్వి, తర్వాత గమ్మున అయిపోయేవారు. అంతమంది ఒక్కసారిగా మాట ఆపడం నా వల్ల జరిగిందని తెలిసినప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇప్పుడు ఎండలోకి పోవద్దంటే ఆ శిబిరానికి పోవద్దనే కదా. టెంటు కింద నీడ పెద్దలకే చాలేది కాదు, మేం ఆడేది రోడ్డు మీద. ఆ సంగతి నాకు ఫోన్లోనే తట్టింది. తట్టినా సరేనన్నాను. ఇది నేను ఎవరి మీదా నెట్టలేను.

సినిమా అంటే అమ్మకు సుతరామూ ఇష్టం లేదు. కానీ ఎండలోకి పోవద్దన్న మాట మాత్రం తెగ నచ్చింది. నేను పుట్టినప్పటి నుంచి ఆమె చెబుతున్నదీ అదే. "గా సారెవరోగని మంచిమాట చెప్పిండు. నా మాటంటె పెడచెవిన పెడ్తివి" అని మర్నాడు పొద్దున్నే శనగపిండి, పసుపు, పాల మీగడ కలిపి గిన్నెతో నా ముందుకొచ్చింది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అది ముఖం మీద ఎండి పట్టేస్తే నవ్వడానికి రాదు, మాట్లాడటానికి రాదు. మాట్లాడితే పగుళ్లు వస్తాయని అమ్మ వేలు చూపించేది.

మా ఇల్లు దుకాణం వెనకే, చౌరస్తాకు నాలుగిళ్ల అవతల. మైకు మాటలు ఇంట్లోకి స్పష్టంగా వినిపించేవి. మొదటి రోజు నా బదులు ఇంకో టీచరు ముసలమ్మ వేషం వేసింది. కిటికీ తలుపు ఓరగా తీసి విన్నాను. కుర్చీ కింద తేమ మాట దగ్గర ఆమె తడబడింది, జనం నవ్వాల్సిన చోట నవ్వలేదు. ముఖానికి పిండి పూసుకుని, పెదవులు కదపకుండా, ఆ మాటలన్నీ లోపల నేను చెప్పుకున్నాను. ఆమె మీద కోపం వచ్చింది. తప్పు చేసింది నేను, కోపం ఆమె మీద. మనిషి బుద్ధి ఎంత వంకరదో ఆ కిటికీ దగ్గర నాకు బాగా తెలిసింది.

నాతో పనిచేసే టీచరక్క మూడో రోజు ఇంటికొచ్చింది. నేను లోపలి గది తలుపు వెనక్కి పోయాను. అమ్మ గడపలోనే నిలబడి, "జరమొచ్చింది బిడ్డా, లేస్తలేదు" అన్నది. ఆ అక్క, "అయ్యో, జర మంచిగ సూస్కోండ్రి అమ్మా. ఆమె లేక మా ఆట సప్పగైంది" అన్నది. రెండు రోజులాగి మళ్లీ వచ్చి గ్లూకోజు పాకెట్టు ఇచ్చిపోయింది. అమ్మ ఆ పాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది. నేనది తాగలేదు, పారేయలేదు. గూట్లో పెడితే కనిపించినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది.

మధ్యాహ్నాలు మాట నేర్చుకునేదాన్ని. "వచ్చామండీ", "వెళ్లొస్తామండీ", "ఏమిటండీ ఇది" అని అద్దం ముందు నిలబడి అనేదాన్ని. బయట వీధిలో జై తెలంగాణ అని ఊరేగింపు పోతుంటే, లోపల నేను ఏమిటండీ అంటున్నాను. ఒకసారి రెండూ సరిగ్గా ఒకేసారి పడ్డాయి. అద్దంలో నన్ను చూసి కాండ్రించి ఉమ్మాలనిపించింది. అయినా నేర్చుకోవడం ఆపలేదు. ఆశ అంత సిగ్గులేనిది.

బాపు సంగతి వేరు. ఆయన ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల ముఖాలకు బట్ట ఎంచి ఇచ్చిన మనిషి. దుకాణంలో నిలువుటద్దం ముందు ట్యూబులైటు కింద నిలబెట్టి, బట్టను గదమ కిందికి, గడ్డానికి ఆనేలా తెచ్చి, తల ఒకవైపు వంచి చూసేవాడు. "ఇది ముఖాన్ని లేపుతది", "ఇది అణుస్తది" అనేవాడు. చామనఛాయవాళ్లకు, నల్లనివాళ్లకు ఏ రంగు చూపించాలో, ఏది లోపలే దాచేయాలో ఆయనకు కంఠతా వచ్చు. బంద్ కాబట్టి షట్టరు సగం దించి, ఒక సాయంత్రం నన్ను కూడా ఆ అద్దం ముందు నిలబెట్టాడు. పదీ పదిహేను తానులు విప్పాడు. ఒక్కొక్కటీ నా గదమ కింద పెట్టి, తీసి, పెట్టి, తీసి చూశాడు. నేను కూతురినన్న సంగతి మరిచిపోయి, కొనడానికొచ్చిన గిరాకీని చూసినట్టే చూశాడు. చివరికి లేత నీలం కాటన్ బట్ట దగ్గర ఆగి, "గిది లేపుతది" అన్నాడు. ఆ మాట చిన్నప్పటి నుంచి వేలసార్లు విన్నాను. అణిగిపోయి ఉన్నది ఏమిటని ఆ రోజే మొదటిసారి అడగాలనిపించింది. అడగలేదు. కొలతలిచ్చి కుర్తా కుట్టించుకున్నాను.

మా ఊళ్లో స్టూడియోలు పెళ్లిళ్లకూ పాస్‌పోర్టులకూ తప్ప దేనికీ పనికిరావు. జనగామలో గొడుగు లైట్లున్న స్టూడియో ఉందని తెలిసి బాపు మాట్లాడి పెట్టాడు. బస్సులు లేవు, జీపులు లేవు. పదహారో రోజు పొద్దున ఏడింటికి బాపు స్కూటర్ మీద బయల్దేరాం. పదిహేను రోజుల నీడ ఒక్క దారిలో పాడైపోతుందని అమ్మ నా ముఖానికి చున్నీని రెండు చుట్లు చుట్టి, చెవి పక్కన పిన్నీసు పెట్టింది. కళ్లు తప్ప ఏమీ కనపడవు. అంతకుముందు రాత్రి పసుపు ఇంకాస్త ఎక్కువ కలిపి రుద్దింది, కడసారి కదా అని.

సగం దారి దాటాక ఒక ఊరి దగ్గర రోడ్డు మూసేశారు. వంటావార్పు. రోడ్డు నడి మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి, ఆ మూల నుంచి ఈ మూల దాకా వరసగా గిన్నెలెక్కించారు. ఆడవాళ్లే యాభై మంది దాకా ఉన్నారు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పొగలో, చెమటలో వాళ్లు ఉల్లిగడ్డలు కోస్తూ పాటలు పాడుతున్నారు. మా ముందు లారీ ఒకటి ఇంజను ఆపుకుని నిలబడి ఉంది. డ్రైవరు కూడా దిగి ఆకులు కడుగుతున్నాడు.

మామూలుగా అయితే నేను స్కూటర్ దిగి ఆ ఉల్లిగడ్డల దగ్గర కూర్చునేదాన్ని. ఎవరూ పిలవక్కర్లేదు. ఆ రోజు బాపు వీపు వెనక బిగుసుకుని కూర్చున్నాను. స్టూడియోవాడు పదింటికి రమ్మన్నాడు, తర్వాత కరెంటు పోతుందట. వాచీ చూసుకుంటూ, అయ్యో, దారి ఇవ్వరేమిటి వీళ్లు అని విసుక్కున్నాను. అవును, వీళ్లు అనుకున్నాను. పదిహేను రోజుల్లో 'మేము' అన్న మాట కాస్తా 'వీళ్లు' అయిపోయింది.

ఒక అవ్వ చేతిలో గరిటెతో మా దగ్గరికి వచ్చింది. "దిగుండ్రి నాయినా, తిని పోదురు. ఇయ్యాల ఎవలం పోం, ఎవల్ని పోనియ్యం" అన్నది. తర్వాత నా వైపు చూసింది. "ఏమైంది బిడ్డా? ముఖం గట్ల కట్టుకున్నవేంది?"

బాపు వెనక్కి తిరగలేదు. "దవాఖానకు పోతున్నం అవ్వా. పిల్ల ముఖానికి దెబ్బ తాకింది" అన్నాడు.

గిరాకీకి రంగు గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. నేను తల దించుకుని చున్నీ బిగించుకున్నాను. ఆ అవ్వ గరిటె కింద పెట్టి, "అయ్యో, ఆడివిల్ల ముఖమాయె! జరుగుండ్రే! గిన్నె దించుండ్రి, దవాఖాన బండి!" అని కేకేసింది. ఇద్దరు ఆడవాళ్లు కొంగులు చేతులకు చుట్టుకుని, ఉడుకుతున్న గిన్నెను పొయ్యి మీది నుంచి దించారు. ఇంకొకామె మండుతున్న కట్టెలను కాలితో పక్కకు నెట్టి, రాళ్లు జరిపింది. ఒకామె చేతి మీద ఉడుకు నీళ్లు చిందితే, ఇస్స్ అని ఊదుకుంటూనే, "పో నాయినా, జల్ది పో" అన్నది. స్కూటర్ ఆ నిప్పుల మధ్య సందులోంచి పోతుంటే అవ్వ పక్కనే నాలుగడుగులు నడిచి, నా భుజం మీద చెయ్యి వేసింది. "ఏం గాదు బిడ్డా, తక్కువైతది" అన్నది. ఆమె ముఖం ఎండకు కమిలి, పొగకు కళ్లు ఎర్రబడి, చెమట కారుతూ ఉంది. చున్నీ లోపల నా ముఖం చల్లగా ఉంది.

స్టూడియో నడిపే అన్న మంచివాడే. చున్నీ తీయగానే ఆయన ముఖం చిట్లించి, "పసుపెందుకు రాసుకున్నవ్ చెల్లె? కెమెరాల అంత పచ్చగొస్తది" అన్నాడు. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. జుట్టు మొదట్లో, చెవుల పక్కన పసుపు పోనే లేదు. పదిహేను రోజులు చేసిన కష్టమంతా చెంపల మీద మరకలై మిగిలింది. తెల్లగా అయ్యానా అంటే, నిన్న ఎలా ఉన్నానో ఇవాళా అలాగే ఉన్నాను.

స్టూలు మీద కూర్చోబెట్టి లైట్లు వేశాడు. గదమ పైకెత్తమన్నాడు, దించమన్నాడు. "జర నవ్వు చెల్లె" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పళ్లు చూపించాను. "గట్ల గాదు. కొట్లాటకొచ్చినట్టున్నది" అన్నాడు. ఆయన ఎన్ని జోకులు వేసినా, చెయ్యి కాలినామె చేతిని ఊదుకోవడమే కళ్ల ముందు ఆడుతోంది. ఎదురుగా తీసినా, పక్కకు తీసినా అదే ముఖం వచ్చింది. కరెంటు పోయేలోపు ఇరవై దాకా తీసి, అయిందనిపించాడు. జనరేటరు మీద కంప్యూటరు పెట్టి, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఐదు ఎంచాడు.

ఎంచాక అడగకుండానే పని మొదలుపెట్టాడు. ముందు పసుపు తీసేశాడు. దానికి నేనేమీ అనలేదు. తర్వాత నుదుటి మీది మచ్చ పోయింది. తర్వాత ముఖం మెల్లగా తేలిపోవడం మొదలైంది. చామనఛాయ పోయి గోధుమ రంగు వచ్చింది, అదీ పోయి ఇంకేదో వచ్చింది. కుర్చీ చక్రాలు వెనక్కి నెట్టి, "సరిపోయిందా?" అన్నాడు.

బాపు ముందుకు వంగాడు. కళ్లజోడు సరిచేసుకున్నాడు. తల ఒకవైపు వంచాడు. "జర ఇంకింత" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"ఇంకింత ఏంది బాపూ? ఇంకింత చేస్తే నేనుంటనా అండ్ల?" అని అరిచాను. స్టూడియో బయట నిలబడ్డవాళ్లు లోపలికి తొంగి చూశారు. "ముప్పై ఏండ్ల సంది ఊరందరి ముఖాలు లేపినవు, సాలలేదా? ఏం పడిపోయినయని లేపుతున్నవు? అవ్వ దగ్గర నా ముఖానికి దెబ్బ తాకిందన్నవు గద. అబద్ధం గాదది. గిప్పుడు తాకింది, నీ చేతులనే తాకింది!"

పెద్దవాళ్ల ముందు గొంతు లేపని ఇంట్లో పుట్టాను. ఆ మాటలు నా నోట్లోంచి ఎలా వచ్చాయో తెలియదు. అద్దం ముందు నేర్చుకున్న మాట ఒక్కటీ వాటిలో లేదు.

బాపు కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. "నీ ముఖం నాకు తెల్వదా బిడ్డా? నాకు మంచిగనే ఉంటది. ఆళ్లు గిట్ల లేకుంటె సూడనే సూడరని" అన్నాడు.

ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది. ఎందుకంటే అది నిజమని నాకు తెలుసు. "అన్నా, తీసినయి తీసినట్టె పంపు. పసుపొక్కటి తీసెయ్" అన్నాను. స్టూడియో అన్న బాపు వైపు చూశాడు. బాపు తలాడించాడు. ఐదు ఫోటోలూ అక్కడి నుంచే హైదరాబాదుకు మెయిల్ చేయించాను. తిరిగి వచ్చేటప్పుడు నేను ముఖానికి ఏమీ కట్టుకోలేదు. బాపు కూడా నేను అడగకముందే స్కూటర్‌ను వేరే దారికి తిప్పాడు. ఆ వంటలు చేసినవాళ్ల ముందు నుంచి పోయే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది. నేను గెలిచినట్టే ఉన్నాను అప్పటికి. ఏమన్నా అననీ, నా ముఖమే పంపాను అనుకుంటూ ఫోన్ ఎత్తాను.

"ఇవేం ఫోటోలమ్మా? ఏమీ చేయించలేదా?" అన్నాడు.

"నేను గిట్లనే ఉంట సార్."

"అది కాదు. అన్నింట్లోనూ కోపమే. హీరోయిన్ చెల్లెలు అంటే చూడగానే హాయిగా ఉండాలి. ఇది రోడ్ల మీద కూర్చుని ధర్నాలు చేసేవాళ్ల ముఖంలా ఉంది" అన్నాడు. వెనక ఎవరో నవ్వడం వినిపించింది.

అవును సార్, ఆ ముఖమే అని చెంప మీద కొట్టినట్టు చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. బయట చౌరస్తాలో మైకు పెట్టి పేర్లు చదువుతున్నారు, ఆ రోజు దీక్షలో కూర్చునేవాళ్ల పేర్లు, నాటకం ఆడేవాళ్ల పేర్లు. పదహారు రోజులుగా అందులో నా పేరు లేదు. ఆ మనిషి నన్ను తిట్టాననుకున్నాడు. ఆ తిట్టు తినే అర్హత కూడా నాకు లేదు. ఫోన్ పెట్టేశాను.